కనుబొమ చేరేలోపు

కౌటు కనుబొమలు ఎగరేసింది ఒక్కసారే. అదీ నిండుగా కాదు. ఆ పొద్దున కొబ్బరిచెట్టెక్కి కల్లు దింపుకుని దిగుతుంటే మట్ట గీసుకుని ఎడమ కనుబొమ పైన తోలు లేచిపోయింది. అందుకని కుడిది బాగానే లేచింది, ఎడమది సగంలో ఆగింది. ఆ ఒకటిన్నర కనుబొమకి, రెండున్నరేళ్లు కూచుని కట్టుకున్న పడవ పోయింది.

పడవ పేరు కిమోవా. అంటే ఎలుక. సొరచేప అనీ మెరుపు అనీ గొప్ప గొప్ప పేర్లు పెట్టుకున్న పడవలు ఆ దీవి చుట్టూ చాలా ఉన్నాయి. తెరచాప ఎత్తాక వాటన్నిటినీ వెనకేసి పోయేది మాత్రం ఎలుకే. దానికి మేకు అన్నది లేదు. పలకకీ పలకకీ కన్నాలు పొడిచి కొబ్బరిపీచు తాడుతో కుట్టిందే అంతా. పక్కన ఆసరాగా ఉండే దుంగ ఎంత ఎడంగా ఉండాలి, ముక్కు ఎంత వంగాలి అన్న కొలతలు తాత నుంచి వచ్చినవి. అవి కాగితం మీద లేవు, ముడులేసిన ఒక తాడు మీద ఉన్నాయి. ఆ తాడు ఎక్కడ దాచాడో కౌటు తన భార్య మారేటాకి కూడా చెప్పలేదు. మారేటాకి తెలుసు. అతను చెప్పలేదు కాబట్టి తెలియనట్టే ఉండేది.

అంతా ఆ శనివారం జరిగింది.

దీవి కౌన్సిల్ ఆఫీసు పెరట్లో ఒక డిష్ ఉంది. శనివారం పొద్దున ఇంటికి పది నిమిషాల చొప్పున రాజధాని తరావాలో ఉన్న చుట్టాలతో మొహాలు చూసుకుంటూ మాట్లాడుకోవచ్చు. లాప్‌టాప్ ఉన్న గదికి బెరెనా అని గుమాస్తా. తన వంతు కోసం కూచున్నవాళ్లకి ఎదురుగా గోడ మీద ఆవిడ పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించింది: 'మీ మాట అయ్యాక మూడు లెక్కపెట్టి ఆగండి.' బెంచీ మీద కూచునే ప్రతివాడూ దాన్ని చదివేవాడు. చదివి చదివి పిల్లలకి కూడా నోటికొచ్చేసింది. ఆగినవాడు మాత్రం లేడు.

ఇంతకు ముందు అదే గదిలో రేడియో ఉండేది. అప్పుడు ప్రతివాడూ తన మాట కాగానే 'ఇక నువ్వు' అని చెప్పి, బుద్ధిగా నోరు మూసుకునేవాడు. మొహం కనపడేది కాదు గనక మర్యాద ఉండేది. ఇప్పుడు మొహం ఎదురుగా ఉంది. మొహం ఎదురుగా ఉంటే మనిషి ఎదురుగా ఉన్నట్టే కదా అనుకున్నారు జనం. ఆ మొహం ఎప్పటిదని ఎవరూ అడగలేదు.

కౌటు కుర్చీలో కూచున్నాడు. పక్కన మారేటా. వెనక బెంచీ మీద ఎనిమిదిమంది, వాళ్లకి తమ వంతు వచ్చేదాకా పక్కవాళ్ల వంతే కాలక్షేపం. తెర వెలిగింది. తరావాలో పడవల క్లబ్బు పాక, వెనక తిరుగుతున్న ఫ్యాను, నలుగురైదుగురు మగాళ్లు, వాళ్ల ముందు యోటెబా. కౌటు చెల్లెలి మొగుడు. సర్కారు గిడ్డంగిలో పని, మిగతా టైమంతా పడవ పందాల కబుర్లు. నాలుగేళ్లుగా జూలై స్వాతంత్ర్యం పండగ పందెంలో ఎరువు తెచ్చుకున్న పడవలతో దిగుతున్నాడు. మూడుసార్లు ఆఖరున వచ్చాడు. ఒకసారి అసలు రాలేదు, ఈదుకుంటూ వచ్చాడు.

"బావా! వినబడుతోందా?" అన్నాడు యోటెబా.

ఆ దీవుల్లో ఔననడానికి ఎవరూ నోరు నొప్పి పెట్టుకోరు. కనుబొమలు ఒకసారి పైకంటే ఔనన్నట్టు. కౌటు పైకన్నాడు, ఒకటిన్నర.

అవి ఇంకా దిగుతూ ఉండగానే తెర మీద యోటెబా మళ్లీ నోరు కదిపాడు. "నిన్నొక బుబుస్ అడుగుతున్నా బావా. నీ కిమోవాని నాకియ్యి, పందానికి" అని వినిపించింది. ఆ మాట గదిలో పూర్తిగా పడనేలేదు. దాని తోక పట్టుకుని వచ్చినట్టు అవతల ఒకటే కేకలు, చప్పట్లు.

"ఇచ్చాడ్రా! చూశారా, మా బావ ఇచ్చేశాడు! నే చెప్పలా?"

బుబుస్ అంటే అడగడమే. కాని ఆ మాట పెట్టి అడిగాక లేదనడం ఉండదు. లేదన్నవాణ్ణి ఎవరూ కొట్టరు, తిట్టరు. చచ్చేదాకా వాడి పేరు చెప్పినప్పుడల్లా ఆ సంగతి కూడా కలిపి చెప్తారు, అంతే. అందుకని తెలివైనవాడు లేదనడు. అడుగుడుకీ ఔనుకీ మధ్య ఒక ఊపిరంత సందు ఉంటుంది. ఆ సందులో, 'అయ్యో బావా, దానికి పలక పగిలింది, అసలు నేనే నిన్నో పలక అడుగుదామనుకుంటున్నా' అంటాడు. అడిగినవాడికి పరువు పోదు, అడిగించుకున్నవాడికి పడవ పోదు. కౌటు ఆ విద్యలో ఎవరికీ తీసిపోడు. ఆ సందే ఈసారి రాలేదు.

"అది కాదు బావా, నేను..." అన్నాడు.

అవతల కేకలు ఆగలేదు. అంతలో బొమ్మ నిలిచిపోయింది. యోటెబా రెండు చేతులూ పైకెత్తి, నోరు తెరిచి, కొండనాలుక దాకా కనపడుతూ అలాగే ఉండిపోయాడు. కాసేపటికి తెర నల్లబడింది.

"లైను పోయింది. మళ్లీ వచ్చేసరికి నీ వంతు అయిపోతుంది, ఇక వచ్చే శనివారమే" అంది బెరెనా. "తర్వాతెవరు?"

బెంచీ మీదవాళ్లు మాత్రం కదల్లేదు. వాళ్లు తమ కళ్లతో చూసింది ఇదీ: ముందు కౌటు కనుబొమలు లేచాయి, ఆ తర్వాత అడుగుడు వచ్చింది.

"అడక్కముందే ఇచ్చాడమ్మా!" అంది ఒకావిడ గుండె మీద చెయ్యేసుకుని.

"మొహం చూసి పసిగట్టాడు. మనిషంటే అట్టా ఉండాలి."

"మా ఆయనా ఉన్నాడు ఎందుకు, మూడుసార్లడిగితే గాని చెవికెక్కదు."

ఇంటికెళ్లాక మారేటా సీమపనసకాయ కాల్చి, తొక్క తీసి, ముక్కలు ఆకులో పెట్టి అతని ముందుకి తోసింది.

"ఎందుకెగరేశావు?"

"వినబడుతోందా అంటే."

"వినబడట్లేదని ఎగరెయ్యకుండా ఉండలేకపోయావా?"

"వినబడింది కదే."

"ఏం వినబడింది నీకు? పడవ పోయేదాకా ఏం వినబడిందో నీకే తెలీదు." ఆకుని ఇంకాస్త ముందుకి తోసి, "వాళ్లకేనా అడగడం వచ్చు? నీకు నోరు లేదా?" అంది.

కౌటు తినలేదు. బయటికెళ్లి పడవ నీడలో కూచున్నాడు.

మర్నాడు చర్చి అయ్యాక ఊరంతా మానియబాలో చేరింది. మానియబా అంటే ఊరుమ్మడి సభాశాల. గోడలుండవు, తాటాకులా పరిచిన మొగలాకు కప్పు, దాని కింద ఏ వంశం వాళ్లకి ఏ స్తంభం పక్కన చోటో తాతలనాడే తేలిపోయి ఉంటుంది. పెద్దల్లో పెద్ద టవీటా. ఎనభై దాటినవాడు. మాటకీ మాటకీ మధ్య ఒక చుట్ట కాల్చగలడు.

"మన పెద్దలు అడిగితే ఇచ్చారు" అన్నాడు టవీటా. ఆగాడు. "అడుగుతుండగా ఇచ్చినవాళ్లని కూడా నేను చూశాను." ఇంకా ఆగాడు. "మాట ఇంకా అవతలివాడి నోట్లో ఉండగానే ఇచ్చినవాణ్ణి ఇప్పుడు చూశాను."

కౌటు తలకి పూలదండ చుట్టారు. అతను దండ కింద కనుబొమలు కదలకుండా జాగ్రత్తగా కూచున్నాడు.

గొప్ప పేరు వచ్చినవాడికి మర్నాడే తెలుస్తుంది దాని బరువు. సోమవారం పొద్దున పక్కింటాయన వచ్చి వల అడిగాడు. అడక్కముందే ఇచ్చేవాడిని అడగడానికి మొహమాటం ఎందుకు? మధ్యాహ్నం ఇంకొకాయన వచ్చి పందిపిల్లని అడిగాడు. సాయంత్రం మారేటా పెద్దమ్మ వచ్చి సైకిలు వంక ఊరికే చూసింది. ఆవిడ ఏమీ అడగలేదు. చూసి, కౌటు మొహం వంక చూసి, వచ్చిన పని అయిపోయినట్టు సైకిలు తోసుకుని వెళ్లిపోయింది.

"నేనేమన్నా అన్నానా?" అన్నాడు కౌటు.

"ఏమో, ఎండ పడి కళ్లు చిట్లించావు. అది చాలు ఆవిడకి" అంది మారేటా. "ఇంకో రెండ్రోజులు నువ్వింత గొప్పవాడివిగా ఉంటే ఇంటి చూరు కూడా పోతుంది. నాకు గొప్ప మొగుడొద్దు. వెళ్లి నిజం చెప్పిరా."

నిజం చెప్పడం అంత సులువు కాదు. ఇచ్చి తీసుకున్నాడన్న పేరు, ఇవ్వను అన్నాడన్న పేరు కంటే హీనం. పైగా ఆ నిజానికి ఇద్దరే సాక్షులున్నారు, వాళ్లలో ఒకడు తనే, ఇంకొకావిడ తన పెళ్లాం. గురువారం ఓడ వస్తుంది. పందానికి ముందు తరావా వెళ్లే ఆఖరి ఓడ అదే. అందులో కిమోవా ఎక్కిందంటే మళ్లీ ఈ ఇసక తొక్కదు.

మంగళవారం కౌటు బెరెనా దగ్గరికి వెళ్లాడు.

"వచ్చావా? శనివారం నుంచీ నీ కోసమే చూస్తున్నా" అంది ఆవిడ.

"నీకు తెలుసా?"

"నేను రోజూ చూసేదేగా అన్నా. మొన్న ఒకడు 'అమ్మ ఎట్లా ఉంది' అని అడిగి, వెంటనే 'వాన పడిందా' అన్నాడు. తిరుగు జవాబు వచ్చింది, 'బావుంది, లేచి తిరుగుతోంది' అని. వాడు వాన లేచి తిరుగుతోందనుకున్నాడు."

"ఎందుకట్లా?"

"మాట ఇక్కణ్ణుంచి తరావాకి నేరుగా పోదన్నా. ముందు పైకి పోతుంది, చుక్కలాగా నిలబడి ఉంటుందే, ఆ ఉపగ్రహం దగ్గరికి. అక్కణ్ణుంచి వేరే దేశంలో దిగుతుంది. మళ్లీ పైకెక్కి, అప్పుడు తరావాలో దిగుతుంది. జవాబు కూడా అదే దారిన రావాలి."

"తరావా ఉత్తరాన ఉంది కదా. పైకెందుకు?"

"ఓడ మాత్రం నేరుగా పోతోందా? నాలుగు దీవులు తిరిగే కదా పోయేది."

కౌటు ఒప్పుకున్నాడు. ఓడ సంగతి అతనికి తెలుసు.

"పోవడానికి ఒకటిన్నర లెక్క. రావడానికి ఒకటిన్నర లెక్క" అంది బెరెనా. "అందుకే మూడు అని రాసి అంటించా. మీ బావ 'వినబడుతోందా' అన్నాడు. ఆగలేదు. బుబుస్ అడిగాడు. ఆ లోపల నీ కనుబొమ బయల్దేరింది. అతని రెండో మాట అయ్యేసరికి వెళ్లి దిగింది. అతనికి కనపడింది అది. అతని తప్పూ లేదు, నీ తప్పూ లేదు."

"మరి తప్పెవరిది?"

బెరెనా గోడ మీద కాగితం వైపు చెయ్యి చూపించింది.

అక్కణ్ణుంచి కౌటు టవీటా ఇంటికి వెళ్లాడు. ఎదురుగా కూచుని మొత్తం చెప్పాడు. ముసలాయన విన్నాడు. చుట్ట ఒకటి పూర్తయింది.

"అంటే ఆదివారం నీకు దండేసింది దేనికి?"

"వినబడుతోందన్నందుకు తాతా."

"హ్హ." ముసలాయన ఇంకో చుట్ట తీసి, వెలిగించకుండా చూశాడు. "కనుబొమ ఒకటి. ప్రశ్నలు రెండు. ఏ ప్రశ్నదో తేలాలి. నీ మాట మీద తేలదు. మీ బావ మాట మీదా తేలదు. చూసి తేల్చాలి. రేపు మానియబాలో ఆ పెట్టె పెట్టించు."

శనివారం కాకపోయినా, టవీటా మాట మీద బెరెనా కౌన్సిల్ పనులకుండే లైను ఇప్పించింది. బుధవారం పెట్టె పెట్టించడంలోనే సగం పూట గడిచింది. కౌన్సిల్ ఆఫీసు పక్కనే ఉన్నా, దాని సిగ్నల్ మానియబాలో పడమటివైపు మూడో స్తంభం దాటి లోపలికి రాదు. మూడో స్తంభం టవీటా వంశం వాళ్ల చోటు. కౌటు వంశం చోటు తూర్పు కొసన. ఇంకొకరి చోట్లో కూచోవడం మాటలు కాదు. కౌటు వెళ్లి, టవీటా వంశంలో ప్రతి ఇంటివాణ్ణీ ఒక బెత్తెడు చోటు అడగాల్సొచ్చింది. వాళ్లు ఇచ్చారు. ఒకడైతే మరీ, కౌటు నోరు తెరవకముందే కనుబొమలు ఎగరేసి, నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

బోర్లించిన బకెట్టు మీద లాప్‌టాప్ పెట్టారు. వెనక ఊరంతా. తెర వెలిగింది. తరావాలో అదే పాక, అదే ఫ్యాను, యోటెబా. అతని పక్కన ఉరియామ్ అని ఒక పెద్దాయన. ఇదే దీవి మనిషి, ముప్ఫైయేళ్ల కింద అక్కడ స్థిరపడ్డాడు. అటువైపు సాక్షిగా బెరెనా ఆయన్ని పిలిపించింది.

"ఓడలో తాళ్లు గట్టిగా కట్టించు బావా, దుంగ జాగ్రత్త" అన్నాడు యోటెబా వస్తూనే. "క్లబ్బువాళ్లు నీకు జేజేలు చెప్పమన్నారు."

ఊరంతా తెర వంకే చూస్తోంది. యోటెబా మొహంలో నవ్వు ఇంకా ఉంది గాని, దాన్ని ఏం చెయ్యాలో తెలియక ఊరికే పట్టుకున్నట్టుంది.

బెరెనా ముందుకి వంగింది. "యోటెబా అన్నా, నువ్వు ఒకటి నుంచి పదిదాకా నెమ్మదిగా లెక్కపెట్టు. నాలుగు అన్న మాట వినపడగానే ఇటు కౌటు కనుబొమ ఎగరేస్తాడు. నీకది ఏ అంకె దగ్గర కనపడుతుందో చూసి చెప్పు. ఉరియామ్ తాతా, నువ్వూ చూడు."

"ఎందుకు?"

"లెక్కపెట్టు."

యోటెబా లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. కౌటు ఒక్క కుడి కనుబొమ మీదే ఆధారపడకుండా రెండూ నొప్పెట్టేలా పైకి లాగాడు. ఊరంతా చూసింది. "నాలుగు!" అన్నారు అందరూ.

తెర మీద యోటెబా ఐదు, ఆరు అంటూ పోతున్నాడు. ఏడు అన్నవాడు ఆగిపోయాడు.

"ఏడు దగ్గర ఎగరేశాడు" అన్నాడు.

"ఏడే" అన్నాడు ఉరియామ్. "నా కళ్లతో చూశాను."

"నాలుగు దగ్గరరా! మేమిక్కడ కూచుని చూశాం!"

"అక్కడ కూచుని చూస్తే? మేమిక్కడ కూచుని చూశాం!"

"ఎనిమిదిమంది మనవళ్లున్న మనిషివి, అబద్ధమాడతావా ఉరియామూ?"

"నువ్వు కళ్లద్దాలు పెట్టుకున్నావా అసలు?"

పడమటి స్తంభాలు దద్దరిల్లాయి. టవీటా చెయ్యెత్తేదాకా ఆగలేదు. ఆయన చెయ్యెత్తింది ఎందుకో అటువాళ్లకి ఆలస్యంగా తెలిసింది. ఇటు నిశ్శబ్దమయ్యాక కూడా ఉరియామ్ కాసేపు ఒంటరిగా అరిచాడు.

"ఇద్దరూ నిజమే చెప్పారు" అన్నాడు టవీటా. "ఇక్కడ నాలుగు. అక్కడ ఏడు. ఐదూ ఆరూ ఆకాశంలో ఉన్నాయి." ఆగాడు. "ఆ శనివారం యోటెబా ఎన్ని ప్రశ్నలు అడిగాడు?"

"రెండు" అంది ఆ రోజు బెంచీ మీద కూచున్నావిడ.

"మొదటిది?"

"వినబడుతోందా అని."

"దానికి జవాబు ఎవరన్నా విన్నారా, చూశారా?"

ఎవరూ అనలేదు.

"జవాబు లేని ప్రశ్న ఒకటుంది. దారిలో ఉన్న కనుబొమ ఒకటుంది. అది దానిదే." ముసలాయన చుట్ట కోసం తడుముకున్నాడు. "పడవ సంగతి ఇంకా ఎవరూ ఏమీ అనలేదు."

కౌటు గుండె కుదుటపడింది. మూడు లెక్కలు కూడా నిలవలేదు ఆ కుదురు. టవీటా మాట ఇంకా మిగిలే ఉంది.

"కాబట్టి యోటెబా మళ్లీ అడగాలి."

మారేటా వెనక నించి కౌటు నడుం మీద పొడిచింది. అక్కర్లేదు, అతనికీ అర్థమైంది. ఊరంతా ఎదురుగా ఉంది. అడుగుడు వస్తే ఈసారి కనుబొమ ఎవరి ప్రశ్నదన్న గొడవ కూడా ఉండదు. తీరా చూస్తే ఇంత చేసి, పోయిన పడవని మళ్లీ పోగొట్టుకోవడానికి వెనక్కి తెచ్చుకున్నాడు.

అందరూ తెర వైపు చూశారు.

యోటెబా కదల్లేదు. నోరు మూసుకుని ఉంది. కళ్లు కిందికున్నాయి.

"బొమ్మ ఆగిపోయిందే" అన్నాడొకడు.

"మూడు లెక్కపెట్టండి" అంది బెరెనా.

లెక్కపెట్టారు. పదిదాకా లెక్కపెట్టారు. యోటెబా కదల్లేదు.

"లైను పోయింది. శనివారం దాకా ఇంతే."

"పోలేదు" అంది బెరెనా. "వెనక ఫ్యాను చూడండి."

ఫ్యాను తిరుగుతోంది. ఫ్యాను గాలికి యోటెబా చొక్కా కాలరు కొట్టుకుంటోంది. లైను బాగానే ఉంది. మనిషే మాట్లాడట్లేదు.

కౌటుకి ఆ మొహం అంత దగ్గరగా ఎప్పుడూ కనపడలేదు. యోటెబా ఆగిన మనిషి కాదు. గాలి మళ్లేదాకా ఆగక తెరచాప తిప్పి నాలుగేళ్లు ఓడిపోయినవాడు. అలాంటివాడు, నోట్లో మాటుంది, అడిగితే దొరుకుతుందని తెలుసు, వెనక క్లబ్బువాళ్లున్నారు, అయినా అడగట్లేదు. అటు ఉరియామ్ అతని భుజం తట్టి ఏదో అన్నాడు. యోటెబా తల అడ్డంగా ఊపాడు.

ఒక ఊపిరంత సందు ఉంటుందని ఇంతకు ముందు చెప్పుకున్నాం. ఇది దానికి పది రెట్లుంది. కౌటు అందులోకి దూరాడు.

"బావా, వినబడుతోందా?" అన్నాడు. ఆగలేదు. "నిన్నొక బుబుస్ అడుగుతున్నా. నువ్వు పేరిచ్చిన పందెంలో చుక్కాని పట్టే చోటు నాకియ్యి. కిమోవాని నేనే తెస్తా, నేనే నడుపుతా, పండగయ్యాక నాతోనే వెనక్కొస్తుంది."

మాట ముగిసీ ముగియగానే తెర మీద యోటెబా కనుబొమలు లేచాయి.

మానియబా గొల్లుమంది. "ఇచ్చేశాడు! చుక్కాని ఇచ్చేశాడు!" ఎవరో చప్పట్లు మొదలెట్టారు. బెంచీ మీద కూచున్నావిడ మళ్లీ గుండె మీద చెయ్యేసుకుంది.

"ఆగండి" అన్నాడు టవీటా.

ఆగారు.

"అది మొదటిదానికి. వినబడిందన్నాడు. అంతే." ముసలాయన వేళ్లు మడవడం మొదలెట్టాడు. "ఒకటి."

గోడ మీద కాగితాన్ని ఏడాదిగా చదివినవాళ్లందరూ మొదటిసారి దాని ప్రకారం నడుచుకుంటున్నారు. బెరెనా ఒక్కతే కళ్లు తుడుచుకుంది.

"రెండు."

తెర మీద యోటెబా మొహం మారింది. అడుగుడు ఇప్పుడే అతనికి చేరినట్టుంది. చేరి, లోపలికి దిగుతోంది. ముందు నోరు తెరుచుకుంది. తర్వాత వెనకున్న క్లబ్బువాళ్ల వైపు చూశాడు. వాళ్లలో ఒకడు భుజాలెగరేశాడు.

"మూడు."

కనుబొమలు లేవలేదు. గొంతు వచ్చింది.

"చుక్కాని నీకైతే, మరి నేనేం చెయ్యను బావా?"

"నీళ్లు తోడు" అన్నాడు కౌటు.

మానియబాలో ఒక్కరు కూడా నవ్వలేదు. నవ్వితే లెక్క తప్పుతుందని. టవీటా మడిచిన వేళ్లు విప్పి, మళ్లీ మొదటి నించి మడిచాడు. ఒకటి. రెండు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మూడు.

యోటెబా కనుబొమలు లేచాయి. రెండూ, నిండుగా.

"ఇది దీనికే" అన్నాడు టవీటా. చుట్ట వెలిగించాడు.

గురువారం ఓడ వచ్చింది. కౌటు కిమోవాని పైకెక్కించి, దుంగకి గోనెసంచులు చుట్టి, తాళ్లు తనే కట్టి, దాని పక్కనే చాప పరుచుకున్నాడు. ఒడ్డున మారేటా పందిపిల్లని చంకన పెట్టుకుని నిలబడింది. పొద్దున్నే వెళ్లి బుబుస్ అడిగి తెచ్చుకుంది. సైకిలు రేపు అడుగుతానంది.

"ముడుల తాడు తీసుకున్నావా?" అని అరిచింది నీళ్ల మీద నించి. "చూరులో, మూడో వాసం సందులో పెట్టావుగా!"

కౌటు విన్నాడు. జవాబివ్వకుండా, మూడు లెక్కపెట్టుకున్నాడు.